ముప్పై కిలోల్లో ఒక పుస్తకం

కోయిటకు, అదే కువైట్‌కు, పోయే పెట్టెలో పచ్చడికి చోటుంటుంది, పొడులకు చోటుంటుంది. పుస్తకానికి కూడా చోటు దొరికితే అది ఏ పుస్తకం అయివుంటుంది? సముద్రాలు దాటినా, వందల ఏళ్లు గడిచినా మనిషికి పనికొస్తూనే ఉన్న పుస్తకాల గురించి, వాటిని మోస్తూ వచ్చిన మన గురించి ఈ వారం ముఖచిత్ర కథనం.

నేను మొదటిసారి కువైట్‌కు బయల్దేరిన రాత్రి, రాయచోటిలోని మా ఇంట్లో పెట్టె నాలుగుసార్లు కాటా ఎక్కింది. విమానంలో ముప్పై కిలోలకు మించి ఒప్పుకోరు. ముల్లు ముప్పై రెండు దగ్గర ఊగుతోంది. అమ్మ గోంగూర పచ్చడి డబ్బా తీసింది, మనసొప్పక మళ్లీ పెట్టింది. ఉలవల మూట బయటికి వచ్చింది. కొత్త టవళ్లు రెండూ వచ్చాయి. ముల్లు ముప్పై మీద నిలిచింది. అప్పుడు మా నాయన అటక మీది ట్రంకుపెట్టె దించి, అట్ట ఊడిపోయిన సన్నటి పుస్తకం ఒకటి తెచ్చి చొక్కాల మడతల్లో దూర్చాడు.

"ఇంకా బరువెందుకు నాయినా? ఫోన్లో అన్నీ ఉంటాయి కదా" అన్నాను.

"పావుకిలో గూడా ఉండదులే, ఉండనీ. ఫోనును నువ్వు చూస్తావు. ఇది నిన్ను చూస్తాది" అన్నాడు.

అది పోతన భాగవతంలోని గజేంద్ర మోక్షం, టీకా తాత్పర్యాలతో ఉన్న పాత ప్రతి. మా నాయన చదువుకున్నది. పేజీల అంచులు పసుపెక్కాయి. ఒకచోట నూనె మరక. అక్కడక్కడా పెన్సిలు గీతలు.

ఎనిమిది నెలలు దాన్ని తెరవలేదు. ఫర్వానియాలో ఆరుగురం ఉండే గదిలో రెండంతస్తుల మంచం మీద పైబెడ్డు నాది. పెట్టె మంచం కిందే ఉండిపోయింది. తొమ్మిదో నెల వచ్చేసరికి పనిచేసే చోట మూడు నెలల జీతం ఆగింది. అకామా, అంటే ఇక్కడ ఉండే అనుమతి, గడువు దగ్గరపడింది. వీసా కోసం చేసిన అప్పుకు ఊళ్లో వడ్డీ పెరుగుతోంది. ఆ రాత్రి నిద్ర పట్టక, గదిలోవాళ్లకు వెలుతురు పడకుండా దుప్పటి కింద ఫోను లైటు వేసుకుని ఆ పుస్తకం తెరిచాను.

బడిలో ఆ పద్యాలకు ప్రతిపదార్థాలు రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్నే. అప్పుడు అది నాకు భక్తి కథ. ఆ రాత్రి మాత్రం దప్పికతో నీళ్లలోకి దిగిన ఒక పెద్ద ప్రాణి కథ అది. కాలు పట్టుకున్నదేదో పైకి కనిపించదు. తనవాళ్లు చుట్టూ ఉన్నారు, చూస్తున్నారు, లాగలేకపోతున్నారు. రోజులు గడిచేకొద్దీ మొసలికి బలం పెరుగుతోంది, ఏనుగుకు తగ్గుతోంది. చివరికి తాను ఎవరిని పిలుస్తోందో ఆయన మీదే ఏనుగుకు అనుమానం వస్తుంది. అనుమానపడుతూనే పిలుస్తుంది. పదో తరగతిలో ఆ అనుమానం నా కంటికి ఆనలేదు. పుస్తకంలో ఒక్క అక్షరమూ మారలేదు. మారింది నేను.

మా నాయన పెన్సిలు గీత సరిగ్గా ఆ అనుమానం పద్యం పక్కనే ఉంది. ఆయన కాలు ఏ మొసలి పట్టుకుందో నేనెప్పుడూ అడగలేదు.

క్లాసిక్ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నాకు ముందు ఆ గీతే గుర్తొస్తుంది. ఒకే పద్యం దగ్గర తండ్రి ఒకప్పుడు ఆగాడు. పాతికేళ్ల తర్వాత వేరే దేశంలో, వేరే కష్టంలో కొడుకు ఆగాడు. అలా ఆపగలిగిన పుస్తకం ఎలా తయారవుతుంది? దాన్ని ఎవరు నిలబెడతారు? మనకు దాంతో ఏం పని?

పై తరగతి మాట, కింది తరగతి పద్యం

క్లాసిక్ అనే మాట మొదట పుస్తకాలది కాదు, పన్నులది. పాత రోమ్‌లో పౌరులను ఆస్తిని బట్టి తరగతులుగా లెక్కగట్టేవారు. అందరికంటే పై తరగతివాడు 'క్లాసికస్'. ఆస్తి ఏమీ లేక, పిల్లలను కనడం తప్ప రాజ్యానికి ఇచ్చేదేమీ లేనివాడు 'ప్రొలెటేరియస్'. 2వ శతాబ్దంలో ఔలస్ గెల్లియస్ అనే రచయిత పుస్తకంలో ఈ రెండు మాటలూ రచయితలకు అంటుకున్నాయి. భాషలో ఏది ఒప్పో తేల్చుకోవాలంటే పై తరగతి రచయితను చూడాలి, కింది తరగతివాణ్ని కాదు అన్నది అక్కడి భావం. నేడు మనం వాడే క్లాసిక్ అనే మాట ఆ మెట్ల మీద నుంచి దిగివచ్చింది.

మన దగ్గర ఒక పుస్తకం ఆ మెట్లను తిరగేసింది. వేమన పద్యాలను చాలాకాలం పండితులు కావ్యాల పంక్తిలో కూర్చోబెట్టలేదు. అది మరీ తేలిక భాష అన్నారు, మోటు అన్నారు. కానీ గొర్రెలు కాసేవాడికి, మగ్గం నేసేవాడికి, సంతలో బేరమాడేవాడికి ఆ ఆటవెలదులు నోటికి వచ్చాయి. రాసిపెట్టినవాళ్లకంటే గుర్తుపెట్టుకున్నవాళ్లు ఎక్కువ. 1820లో కొలువు మీద కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్, అబ్బే దుబ్వా అనే ఫ్రెంచి పాదిరీ పుస్తకంలో వేమన పేరు చూసి ఆ పద్యాలను వెతకడం మొదలుపెట్టాడు. రాతప్రతులు తెప్పించి, పాఠాలు సరిచూసి, 1829లో ఇంగ్లీషు అనువాదంతో అచ్చువేశాడు. ఆ తర్వాత దాదాపు నూరేళ్లకు, 1928లో, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వేమన మీద ఉపన్యాసాలు ఇచ్చాక ఆయన పండితుల చర్చలోకి గట్టిగా అడుగుపెట్టాడు. ముందు జనం నోరు, తర్వాత అచ్చు, ఆ తర్వాతే పీఠం.

కడపలో బ్రౌన్ బంగళా ఉన్న చోటే ఆయన పేరుతో గ్రంథాలయం, భాషా పరిశోధన కేంద్రం నిలిచాయి. దాని వెనుక జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారి పట్టుదల ఉంది. మా కడప, రాయచోటి, రాజంపేట వైపు నుంచి కువైట్ వచ్చేవాళ్లలో ఆ భవనం ముందు నుంచే బస్సులో వెళ్లినవాళ్లు ఎందరో. లోపలికి వెళ్లకపోయినా, అందులో దాచింది మాత్రం వాళ్ల నోట్లోనే ఉంది.

దీనికి నేనే సాక్షి. ఒక శుక్రవారం సాయంత్రం మాలియా బస్టాండు దగ్గర ఒక డ్రైవరన్నతో మాటల్లో పడ్డాను. ఊళ్లో పంచాయితీ చెప్పిన మనిషి. పది ఎకరాల చీనీతోట నీళ్లు లేక ఎండిపోతే ఇక్కడికొచ్చి ఒక ఇంట్లో బండి తోలుతున్నాడు. ఆ ఇంటి పదేళ్ల పిల్లాడు కేకేస్తే పరుగెత్తాలి. ఆ సంగతి చెప్పి కాసేపు ఊరుకుని, "స్థానబలం తమ్ముడూ" అన్నాడు. అంతే. పద్యం ఎత్తుకోలేదు. నీళ్లలో ఏనుగునే లాగేసే మొసలి గట్టు మీద కుక్కకు కూడా లోకువేనని, బలం ఉండేది చోటులోనని వేమన చెప్పిన సంగతంతా ఆ ఒక్క మాటలో మా ఇద్దరికీ వినిపించింది. తన పరువు పోలేదని, చోటు మాత్రమే మారిందని ఆ మాటతో ఆయన నాకు చెప్పాడు. తనకూ చెప్పుకున్నాడు.

పోతన మొసలి వేరు, వేమన మొసలి వేరు. ఒకటి ఆపదకు గుర్తు, ఇంకొకటి అహంకారానికి మందు. రెండూ మా సీమవాళ్లకు కోయిటలోనే బాగా అర్థమయ్యాయి. మంచి పుస్తకం చదివితే పుస్తకం తెలుస్తుంది. క్లాసిక్ చదివినవాళ్లు ఇద్దరు కలిస్తే, మూడో మాట అక్కర్లేకుండా ఒకరి కష్టం ఒకరికి తెలుస్తుంది.

కరటకుడు ఇక్కడ కలీలా

మూడో మొసలి కథ కూడా ఉంది. అది నాకు కువైట్‌లోనే దొరికింది.

ఇక్కడ మిష్రిఫ్‌లోని ప్రదర్శనశాలల్లో పుస్తకాల సంత జరుగుతుంది. 1970ల నుంచి నడుస్తున్న సంత అది. ఒక ఏడాది అక్కడ పిల్లల పుస్తకాల దుకాణం ముందు నా కాళ్లు ఆగిపోయాయి. ఒక అట్ట మీద సింహం, ఎద్దు. వాటి వెనుక చెవులు దగ్గరపెట్టి గుసగుసలాడుతున్న రెండు నక్కలు. ఆ నక్కలు నాకు తెలుసు. బోర్డులు చదివి నేర్చుకున్న అరబ్బీతో అక్షరం అక్షరం కూడబలుక్కున్నాను: కలీలా వ దిమ్నా.

దుకాణంలోని పెద్దాయన, ఇవి తాను చిన్నప్పుడు చదివిన కథలని, ఇప్పుడు మనవళ్లకు చదివిస్తున్నానని చెప్పాడు. మా దేశంలో ఈ ఇద్దరి పేర్లు కరటకుడు, దమనకుడు అన్నాను. ఆయన ఆ పేర్లను నెమ్మదిగా రెండుసార్లు పలికి చూశాడు. కరటక, కలీలా. దమనక, దిమ్నా. రెండోసారి పలికేటప్పుడు ఆయన ముఖం విప్పారింది. తప్పిపోయిన దాయాదిని గుర్తుపట్టినట్టు నా చేయి పట్టుకున్నాడు.

ఆ పుస్తకం ప్రయాణం చూస్తే మన ముప్పై కిలోల పెట్టె చిన్నబోతుంది. 6వ శతాబ్దంలో పారశీక చక్రవర్తి ఖుస్రో అనూషిర్వాన్ కొలువులో బుర్జోయ్ అనే వైద్యుడు ఉండేవాడు. హిందూదేశపు కొండల్లో చచ్చినవాళ్లను బతికించే మూలిక ఉందని విని వెతుక్కుంటూ వచ్చాడని ఐతిహ్యం. ఎంత వెతికినా మూలిక దొరకలేదు. చివరికి ఒక జ్ఞాని ఆయనకు విడమరిచి చెప్పాడట: కొండలంటే చదువుకున్నవాళ్లు, శవాలంటే తెలివి లేనివాళ్లు, మూలిక అంటే పుస్తకం. బుర్జోయ్ పంచతంత్రాన్ని తన పహ్లవీ భాషలోకి మార్చి తీసుకుపోయాడు. సంజీవని కోసం వచ్చినవాడు పుస్తకంతో తిరిగివెళ్లాడన్నమాట.

8వ శతాబ్దం మధ్యలో ఇబ్నుల్ ముఖఫ్ఫా ఆ పహ్లవీ ప్రతిని అరబ్బీ చేశాడు. ఆయన బతికింది, రాసింది బస్రాలో. కువైట్ నగరం నుంచి బస్రా 150 కిలోమీటర్ల లోపే. అరబ్బీ వచనానికి ఒరవడి దిద్దిన పుస్తకాల్లో ఒకటిగా కలీలా వ దిమ్నా నిలిచిపోయింది. దాని మీదుగానే ఆ కథలు గ్రీకుకు, హీబ్రూకు, లాటిన్‌కు, 1570లో థామస్ నార్త్ చేతుల్లో ఇంగ్లీషుకు చేరాయి. ఫ్రెంచి కవి లా ఫొంతేన్ 1678లో తన నీతికథల రెండో సంపుటికి పిల్పాయ్ అనే భారతీయ జ్ఞానికి రుణపడి ఉన్నానని రాశాడు. ఇటు తెలుగులో ఆ కథలను 15వ శతాబ్దంలో దూబగుంట నారాయణకవి పద్యాల్లో చెప్పాడు. 1853లో చిన్నయసూరి నీతిచంద్రికలో మిత్రలాభం, మిత్రభేదం రాశాడు. అది బడిపుస్తకమై తరతరాల పిల్లలకు గ్రాంథిక తెలుగు నేర్పింది.

బుర్జోయ్ పహ్లవీ ప్రతి ఇప్పుడు లేదు. ఆయన ముందుపెట్టుకున్న సంస్కృత ప్రతీ లేదు. కూతురు మిగిలింది, తల్లీ అమ్మమ్మా పోయారు. కథలు మాత్రం ఎక్కడికక్కడ పచ్చగా ఉన్నాయి.

దారిలో అవి ఊరికే రాలేదు. ప్రతి ఊరి నీళ్లూ తాగాయి. కోతి గుండెకాయ కోసం ఆశపడి, అది చెట్టు మీద మరిచివచ్చానంటే నమ్మి వెనక్కి తీసుకెళ్లిన మొసలి మనకు తెలుసు. అరబ్బీలో ఆ మొసలి లేదు, తాబేలు ఉంది. నా మూడో మొసలి ఇక్కడికి చేరేసరికి డిప్ప తొడుక్కుంది.

ఇంకా పెద్ద మార్పు ఒకటుంది. మన కథలో దమనకుడు గెలుస్తాడు. చాడీలు చెప్పి, సింహానికీ ఎద్దుకూ మధ్య స్నేహాన్ని విరిచి, ఆ ఎద్దును, సంజీవకుణ్ని, చంపించి, రాజు పక్కనే మంత్రిగా నిలబడతాడు. లోకం ఇలా ఉంటుంది, కళ్లు తెరుచుకో అని మన పుస్తకం చెప్పి ఊరుకుంది. అరబ్బీలో కథ అక్కడ ఆగదు. ఒక చిరుతపులి నక్కల మాటలు చాటుగా వింటుంది. సింహం తల్లికి సంగతి చేరుతుంది. దిమ్నాను విచారణకు నిలబెడతారు. సాక్ష్యాలు వస్తాయి, శిక్ష పడుతుంది. ఈ అధ్యాయం ఇబ్నుల్ ముఖఫ్ఫా చేర్చిందేనని పరిశోధకులు భావిస్తారు. ఆయన స్వయంగా పాలకుల దగ్గర లేఖకుడిగా పనిచేసినవాడు, కొలువు కుట్రలు కళ్లారా చూసినవాడు. చివరికి పాలకుల ఆగ్రహానికే ప్రాణం ఇచ్చుకున్నాడు. తనకు దొరకని న్యాయాన్ని నక్కల కథలో కూర్చిపెట్టాడేమో అని నాకు ఆ అధ్యాయం తలుచుకున్నప్పుడల్లా అనిపిస్తుంది.

పక్కవాడి చాడీ వల్ల ఉద్యోగం పోయి, విమానం ఎక్కాల్సివచ్చినవాళ్లు మనలో ఉన్నారు. వాళ్లకు మన దమనకుడి కథ లోకరీతి చెబుతుంది. అరబ్బీ దిమ్నా కథ ఓదార్పు ఇస్తుంది. రెండూ కావాలి. అంత మోయగలిగింది గనకే ఆ పుస్తకం వేల మైళ్లు నడిచింది. ఇల్లు మార్చినా, పేరు మార్చినా, చివర్లో కొత్త గది కట్టినా కూలిపోని పుస్తకం, మోసుకుపోయినవాడి అవసరానికి చోటిచ్చే పుస్తకం, అదే క్లాసిక్.

రాగిరేకులూ నిషేధాలూ

కాలపరీక్షకు నిలిచిందే క్లాసిక్ అని పెద్దలంటారు. అందులో సగమే నిజం. తాళ్లపాక అన్నమయ్య 1503లో పోయాడు. ఆయన కీర్తనలను రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుడిలో ఒక అరలో భద్రం చేశారు. ఆ తర్వాత వందల ఏళ్లపాటు లోకం వాటిని దాదాపు మరిచిపోయింది. 1922 ప్రాంతంలో రేకులు వెలుగు చూశాయి. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి వంటివారు వాటిని చదివి అచ్చుకు ఎక్కించారు. వేమనకు పీఠం వేసిన ఆ రాళ్లపల్లివారే అన్నమయ్య పాటలు కొన్నింటికి బాణీలు కట్టారు. కాలం పెట్టిన పరీక్షకు ఆ పాటలు హాజరే కాలేదు. అయినా నిద్రలేచాక జనం నోటికెక్కాయి. కాబట్టి కాలం ఒక్కటే చాలదు. వెతికే మనుషులు కావాలి, చదివిపెట్టే కళ్లు కావాలి, పాడే గొంతు కావాలి.

రాజంపేట పక్కనున్న ఆ తాళ్లపాక చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఎందరో ఆడవాళ్లు ఇక్కడ ఇళ్లల్లో పనిచేస్తున్నారు. అరబ్బీ ఇళ్లల్లో వాళ్లను కద్దామాలు అంటారు. తమ పిల్లలను అవ్వ దగ్గర వదిలివచ్చి, కువైటీ పసిబిడ్డలను తెలుగు జోలపాటలతో నిద్రపుచ్చిన అక్కలను నేను ఎరుగుదును. ఆ జోలల్లో అన్నమయ్యదీ ఒకటి. తాళ్లపాకలో ఐదు వందల ఏళ్ల కింద పుట్టిన పాట అరబ్బీ పిల్లాడి చెవిలో పడి వాడి కళ్లు మూతలు పడుతుంటే, ఆ గదిలో దానికి క్లాసిక్ అన్న బిరుదు ఎవరూ ఇవ్వనక్కర్లేదు.

గురజాడ కన్యాశుల్కం దారి వేరు. 1892లో విజయనగరంలో ఆడారు, 1897లో అచ్చయింది, బాగా మార్చి పెంచిన రెండో కూర్పు 1909లో వచ్చింది. ఆడపిల్లను ముసలివాడికి డబ్బుకు కట్టబెట్టే దురాచారం మీద రాసిన నాటకం అది. ఆ దురాచారం పోయింది. దానితోపాటు నాటకమూ పోవాలి కదా! పోలేదు. గిరీశం మాటకారితనం కింద దాక్కున్న మోసం పోలేదు, బేరంలో తన మాట ఎవరూ అడగని ఆడపిల్ల మౌనం పోలేదు. ఆడపిల్లకు వెలకట్టే బేరాలు సాగే చోట చదువుతుంటే, ఏజెంటు ముందు తలవంచుకుని కూర్చున్న మా ఊరి చెల్లెలు నాకు కనిపిస్తుంది. వీసాకు ఎంత, దారి ఖర్చులకు ఎంత అని మగవాళ్లు మాట్లాడుకుంటుంటారు. ఆమె ఏ ఇంటికి పోతుందో ఆమెకు తెలియదు. సమస్య తీరిపోయాక కూడా నిలిచిన పుస్తకం, ఆ సమస్యకు తల్లివేరు ఎక్కడుందో చూపించిన పుస్తకం.

ప్రభుత్వాలకు కూడా పుస్తకాల బలం తెలుసు. 1922లో వచ్చిన ఉన్నవ లక్ష్మీనారాయణ మాలపల్లిని బ్రిటిషు ప్రభుత్వం నిషేధించింది. నవల బతికింది. నిషేధించినవాళ్ల పేర్లు ఇప్పుడు ఎవరికీ గుర్తులేవు. అరబ్బు లోకమంతా చదివిన అల్ అరబీ పత్రికను 1958లో మొదలుపెట్టి, 1978 నుంచి ఆలముల్ మారిఫా పేరుతో విజ్ఞాన గ్రంథాలను సామాన్యుడు కొనగలిగే ధరకు అందించిన దేశం కువైట్. ఆ దేశంలోనే 2018 నాటికి అంతకుముందు ఐదేళ్లలో నాలుగు వేలకు పైగా పుస్తకాలను ఆపేశారని బయటపడింది. వాటిలో మార్క్వెజ్ నూరేళ్ల ఏకాంతం కూడా ఉంది. ఇక్కడి రచయితలు, పాఠకులు గొంతెత్తారు. 2020లో పార్లమెంటు ముందస్తు తనిఖీ పద్ధతిని తీసేసింది. పుస్తకం కోసం వీధిలోకి వచ్చిన ఆ పాఠకులను నేను గౌరవిస్తాను. పుస్తకాలను నిలబెట్టేది వాళ్లలాంటివాళ్లే.

వెదురు కొమ్మ

ఈ దేశంలో ఈ మధ్యే పుట్టిన ఒక నవల గురించి చెప్పకుండా ఉండలేను. కువైటీ రచయిత సవూద్ అల్ సనూసీ 2012లో రాసిన 'సాఖుల్ బాంబూ', అంటే వెదురు కొమ్మ. 2013లో అరబ్బీ నవలలకిచ్చే అంతర్జాతీయ బహుమతి దానికి వచ్చింది. తర్వాత ఇంగ్లీషులోకి కూడా వెళ్లింది. కథానాయకుడి తండ్రి పెద్దింటి కువైటీ, తల్లి ఆ ఇంట్లో పనిచేయడానికి వచ్చిన ఫిలిప్పీన్స్ అమ్మాయి. తల్లి దేశంలో అతను హోసే, తండ్రి దేశంలో ఈసా. వెదురు కొమ్మను నరికి ఎక్కడ నాటినా వేరుపోసుకుంటుంది కదా, తానెందుకు అలా నాటుకోలేకపోతున్నానన్నది అతని బాధ.

రాసినవాడు ఆ ఇంటి యజమాని వైపు మనిషి. చెప్పించింది పనిమనిషి కొడుకు నోటితో. తన ఇంటిని బయటివాడి కళ్లతో చూడగలిగిన ఆ ధైర్యానికి నేను చేతులు జోడిస్తాను. అది చదివిన తర్వాత వంటింటి తలుపు దగ్గర నిలబడ్డ మా అక్కలను నేను మునుపటిలా చూడలేకపోయాను. ఆ నవల క్లాసిక్ అవుతుందా? తేల్చే అధికారం మన తరానికి లేదు. యాభై ఏళ్ల తర్వాత, ఇంకో దేశంలో, మన ఊహకు అందని కష్టంలో ఉన్న ఒక మనిషి దాని అంచున పెన్సిలు గీత గీస్తే అప్పుడు అవుతుంది.

సంచి లేనివాళ్ల సంచి

మా మేనమామ 1990లో కువైట్‌లో ఉన్నాడు. ఆగస్టు 2న ఇరాక్ సేనలు వచ్చాయి. ఆ తర్వాతి నెలల్లో ఇక్కడి మ్యూజియాలు, గ్రంథాలయాలు కూడా దోపిడీకి గురయ్యాయి. అమ్మాన్ మీదుగా దాదాపు లక్షా డెబ్బై వేల మంది భారతీయులను విమానాల్లో ఇంటికి చేర్చారు. మా మామ వాళ్లలో ఒకడు. జోర్డాన్ సరిహద్దు గుడారాల్లో నీళ్లకోసం, వంతుకోసం రోజుల తరబడి ఎదురుచూశాడు. చేతిలో సంచి కూడా లేదు.

"ఏం చేసేవాడివి మామా అన్ని రోజులు?" అని చిన్నప్పుడు అడిగాను.

"రాత్రిపూట ఒకరు పద్యం ఎత్తుకునేవాళ్లు అబ్బోడా. సగం చెప్పి మరిచిపోతే, చీకట్లో ఇంకెవరో అందుకునేవాళ్లు. ఎవరో ఏ ఊరో తెలియదు. తెలుగోళ్లని మాత్రం తెలిసేది" అన్నాడు.

క్లాసిక్‌లు ఎందుకు చదవాలన్న ప్రశ్నకు నేను విన్న జవాబుల్లో ఇంతకు మించింది లేదు. జ్ఞానం కోసం చదవొచ్చు, భాష కోసం చదవొచ్చు, రుచి కోసం చదవొచ్చు. అన్నీ సరైనవే. కానీ సర్వం పోయిన రాత్రి మన నోట సగంలో ఆగిన పద్యాన్ని చీకట్లో ఒకరు అందుకోవాలంటే, ఆ పద్యం మనిద్దరికీ ముందే తెలిసుండాలి. కొత్త పుస్తకాలు నేనూ ఇష్టంగా చదువుతాను. అవి నన్ను నా కాలంలోని మనుషులతో కలుపుతాయి. పాతవి నా కంటే ముందు ఇదే మొసలి నోట పడి బయటపడ్డవాళ్లతో కలుపుతాయి.

మొదలుపెట్టాలనుకునేవాళ్లకు నా అనుభవంలోంచి నాలుగు మాటలు. మొత్తం భాగవతం ముందేసుకోవద్దు. గజేంద్ర మోక్షం ఒక్కటి చాలు, అదీ టీకా ఉన్న ప్రతి. ముందు పైకి చదవండి, అర్థం తర్వాత చూసుకోవచ్చు. వేమనను రోజుకు ఒక్క పద్యం, పనికి పోయే బస్సులో. కన్యాశుల్కాన్ని నాటకంగానే చదవండి. గదిలో నలుగురుంటే పాత్రలు పంచుకోండి, శుక్రవారం మధ్యాహ్నం ఎలా గడిచిందో తెలియదు. మొల్ల రామాయణం చిన్నది, తేలిక తెలుగు, రాసినామె మా బద్వేలు వైపు గోపవరం మనిషే. జూన్ నుంచి ఆగస్టు దాకా ఎండలో పనిచేసేవాళ్లకు 11 నుంచి 4 వరకు పని ఆపాలన్నది ఇక్కడి నిబంధన. నీడ దొరికిన ఆ వేళలో కునుకు తీయండి, తప్పకుండా తీయండి. లేచాక ఒక్క పేజీ. నచ్చనిది పక్కన పెట్టేయండి. అపరాధం ఏమీ లేదు. అది మీ కోసం ఆగుతుంది. ఆగడం వాటికి అలవాటే.

పోయిన నెల సెలవుకు ఊరికి బయల్దేరాను. ఫర్వానియా గదిలో మళ్లీ అదే కాటా, అదే ముప్పై. పాలపొడి డబ్బాలు, ఖర్జూరాలు, బాదంపప్పు, అమ్మకు మోకాళ్ల నూనె, చెల్లెలికి దుప్పటి. ముల్లు ముప్పై దాటింది. గదిలోని తమ్ముడు పెట్టె తెరిచి, ఏది తీద్దామన్నా అని అడిగాడు. పాలపొడి డబ్బా ఒకటి తీసి వాడికే ఇచ్చాను. ఆ చోట్లో, చొక్కాల మడతల మధ్య, అట్ట మీద రెండు నక్కలున్న అరబ్బీ పుస్తకాన్ని పెట్టాను. మా చెల్లెలి కూతురికి ఏడేళ్లు. అక్షరాలు దానికి రావు, బొమ్మలు చాలు. కథ నేను చెబుతాను. సింహం పేరు, ఎద్దు పేరు మన పేర్లే చెబుతాను. దమనకుణ్ని నిలబెట్టి అడిగిన ఆ విచారణ కూడా చెబుతాను.

పద్నాలుగు వందల ఏళ్ల కింద ఇల్లు వదిలిన పుస్తకం అది. ఆ రాత్రి మా రాయచోటి ఇంట్లో పెట్టె తెరిచినప్పుడు, దాన్ని ముందుగా చేతిలోకి తీసుకున్నది మా నాయన. అరబ్బీ రాని ఆ మనిషి పేజీలు తిప్పి, నక్కల బొమ్మ దగ్గర ఆగి, కళ్లజోడు సవరించుకుని, "వీళ్లు మనోళ్లే గదా" అన్నాడు.